గాలి సముద్రపు మీదిభాగము

మనమందఱము గాలి యను సముద్రపు టడుగున నివసించుచున్నాము. సికిందరాబాదుపై సుమారు 16 కిలోమీటర్లవఱకు మబ్బులును, వానలును గల పొర యున్నది. దానిమీది పొరలోని ఓజోను సూర్యుని అతినీలలోహిత కిరణములను చాలవఱకు పీల్చి, నేలపై ప్రాణులను కాపాడుచున్నది. ఆ కవచము నడుమను, దానికి మీదను ప్రాణి బ్రతుకునా?

దీనిని తెలిసికొనుటకు 2005వ సంవత్సరమున ఇస్రో శాస్త్రజ్ఞులు, హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధనా సంస్థవారి బెలూను కేంద్రమునుండి పెద్ద బెలూను నొకదానిని ఎగురవేసిరి. 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తువఱకు గాలిని పట్టవలెను. కొనయందలి గాలి నేలమీది గాలిలో మూడువందలవ వంతైనను లేదు! అందుచే క్రిములు లేకుండ శుద్ధిచేసిన ఉక్కుపాత్రలను ద్రవ నియానుతో చల్లార్చిరి. గాలి తానై లోనికి వచ్చి గడ్డకట్టెను. హైదరాబాదు, పుణె ప్రయోగశాలలలో పరీక్షింపగా, అదివఱ కెవ్వరు నెఱుగని మూడుజాతుల బాక్టీరియా కానవచ్చెను. ఒకదానికి ఆర్యభటుని పేరిడిరి. అతినీలలోహిత కిరణముల నోర్చుటలో నవి తమ దగ్గరి జాతులను మించినవి. అవి నేలనుండి ఎగసినవో, మఱెక్కడినుండియైన వచ్చినవో ఆ ప్రయోగము తేల్చలేదు.