మక్తా గోడల బొమ్మలు ఫోన్ ఫొటోలో ఎందుకు వంగిపోతాయి, రంగులు ఎందుకు మారిపోతాయి?

హైదరాబాద్‌లో గోడల మీది ఆర్ట్ ఫొటోలు తీయాలంటే ముందు వినిపించే పేరు ఎం.ఎస్. మక్తా. రాజ్‌భవన్ పక్కన, నెక్లెస్ రోడ్ రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న బస్తీ ఇది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ చొరవతో ఇక్కడి ఇళ్ల గోడల మీద ఆర్టిస్టులు పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. అప్పట్నుంచి మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అన్న పేరు వచ్చింది.

ఇవి మ్యూజియంలో ఉండే బొమ్మలు కావు. ఎండకి వెలుస్తాయి, వానకి పెచ్చులూడతాయి, ఇంటాయన పైన ఇంకో అంతస్తు వేసుకుంటే సగం పోతాయి. ఆయన ఇల్లు, ఆయన ఇష్టం. అంటే కొన్నాళ్లకి ఆ బొమ్మ ఎలా ఉండేదో చెప్పడానికి ఎవరో ఒకరి ఫోన్‌లో ఉన్న ఫొటో తప్ప ఇంకేం మిగలకపోవచ్చు. అందుకే ఫొటో ‘బాగా’ రావడం కంటే, గోడ మీద ఉన్నది ఉన్నట్టు రావడం ముఖ్యం. మన ఫోన్లు ట్యూన్ అయ్యేది మాత్రం మొదటిదానికే.

వంకర ఎక్కడ నుంచి వస్తుంది?

సందులో నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే గోడ పైకి వెళ్లేకొద్దీ ఇరుకై, వెనక్కి వాలిపోతున్నట్టు కనిపిస్తుంది. ఇది లెన్స్ లోపం కాదు. ఫోన్‌ని వెనక్కి వంచగానే సెన్సార్ గోడకి సమాంతరంగా ఉండదు. గోడ పైభాగం దూరంగా ఉంటుంది కాబట్టి చిన్నగా పడుతుంది, అంతే.

వంకర రాకూడదంటే ఫోన్‌ని నిటారుగా పట్టుకోవాలి. అప్పుడు ఎంత వెనక్కి వెళ్లాలో చిన్న లెక్క వేద్దాం. గోడ 30 అడుగులు, మీ కళ్ల ఎత్తు 5 అడుగులు అనుకోండి. పైన 25 అడుగులు ఫ్రేమ్‌లో పట్టాలి. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా 24 ఎంఎం దగ్గర్లో ఉంటుంది, దాంతో దాదాపు 35 అడుగులు వెనక్కి జరగాలి. 13 ఎంఎం అల్ట్రావైడ్ అయితే 19 అడుగులు చాలు. కానీ సందే 12 అడుగులుంటే? రెండూ కుదరవు. ఢిల్లీ లోధీ కాలనీలో ఈ బాధ తక్కువ. అక్కడివి రెండంతస్తుల క్వార్టర్లు, ముందు వెడల్పు రోడ్లు. మక్తాకి వచ్చేసరికి వేరే దారులు వెతుక్కోవాలి.

అన్నిటికంటే మంచిది ఎదురింటి మేడ. “అమ్మా, పైనుంచి ఒక్క ఫొటో తీసుకోవచ్చా?” అని అడిగి, ఒప్పుకుంటే ఎక్కండి. గోడ మధ్య ఎత్తుకి చేరితే లెక్క మొత్తం మారిపోతుంది, 30 అడుగుల గోడకి మెయిన్ కెమెరాతో 21 అడుగుల దూరం సరిపోతుంది. వద్దంటే మాత్రం బతిమాలొద్దు. గుమ్మంలో గిన్నెలు తోముకుంటున్నవాళ్లకి అది టూరిస్ట్ స్పాట్ కాదు, ఇల్లు.

రెండో దారి, ముక్కలుగా తీయడం. గోడ వెంబడి పక్కకి జరుగుతూ, ప్రతి ఫొటోలో ముందు ఫొటోది మూడో వంతు వచ్చేలా తీసి, తర్వాత స్టిచింగ్ యాప్‌లో కలపండి. గోడ చదునుగా ఉంటుంది కాబట్టి అతుకులు బాగానే కుదురుతాయి. ఫోన్‌లోని పనోరమా మోడ్ ఈ పనికి వద్దు. ఒకేచోట నిలబడి తిప్పుతాం కాబట్టి తిన్నని గోడ పొట్ట ఉబ్బినట్టు వస్తుంది.

ఇవేవీ వీలుకాకపోతే వంచే తీసి, స్నాప్‌సీడ్‌లో పర్‌స్పెక్టివ్ టూల్‌తో సరిచేయండి. అయితే ఇరుకైన పైభాగాన్ని సాగదీస్తాం కాబట్టి అక్కడ డీటెయిల్ తగ్గుతుంది. 50 మెగాపిక్సెల్ మోడ్ ఉంటే పగటి వెలుగులో వాడటానికి ఇదే సరైన సందర్భం. సైడ్లు ఎలాగూ కట్ అవుతాయి, చుట్టూ ఖాళీ వదిలి తీయండి.

రంగుల సంగతి

నా దృష్టిలో అసలు మోసం ఇక్కడే. ఫ్రేమ్ నిండా పసుపు గోడ ఉంటే, వెలుగే పసుపుగా ఉందని ఆటో వైట్ బ్యాలెన్స్ అనుకునే అవకాశం ఉంది. వెంటనే నీలం కలిపి సరిచేయబోతుంది, దాంతో ఆర్టిస్ట్ వేసిన పసుపు పాలిపోతుంది. దాని మీద ఏఐ సీన్ మోడ్ వచ్చి ఎరుపుని, ఆకుపచ్చని ఇంకాస్త చిక్కగా చేస్తుంది. నల్ల గోడ అయితే చీకటిగా ఉందనుకుని ఎక్స్‌పోజర్ పెంచి బూడిద రంగులోకి తెస్తుంది. హెచ్‌డీఆర్ కూడా నీడల్ని ఎత్తి, వెలుగుల్ని తగ్గించి ఆర్టిస్ట్ కావాలని పెట్టిన కాంట్రాస్ట్‌ని చదును చేసేస్తుంది.

కాబట్టి ముందు సీన్ ఆప్టిమైజర్, ఏఐ బటన్ లాంటివి ఆఫ్ చేయండి. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ని ఎండలో 5500 కెల్విన్, నీడలో 6500 నుంచి 7000 మధ్య లాక్ చేయండి. రా ఫైల్ తీసే వీలుంటే ఇంకా మంచిది, తర్వాత మార్చుకోవచ్చు. ఇంకో చవకైన ఉపాయం: ఒక ఫొటోలో గోడ పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. ఎడిటింగ్‌లో ఆ కాగితం తెల్లగా కనిపించేలా సరిచేసి, అదే సెట్టింగ్‌ని మిగతా ఫొటోలకి వాడితే చాలు.

మధ్యాహ్నం సందుల్లో సగం గోడ ఎండలో, సగం నీడలో ఉంటుంది. ఏ కెమెరా అయినా తడబడేది అక్కడే. మబ్బు రోజు గానీ, గోడ మొత్తం నీడలో ఉన్న వేళ గానీ చూసుకోండి.

ఆర్టిస్ట్ సంతకం చాలా బొమ్మల్లో కింది మూలన ఉంటుంది. దాన్ని కత్తిరించకండి, పోస్ట్‌లో పేరు రాయండి. ఇందులో చట్టం కోణం కూడా ఉంది. పబ్లిక్ ప్లేస్‌లో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడానికి 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 స్పష్టంగా మినహాయింపు ఇస్తుంది. పెయింటింగ్స్‌ని మాత్రం ఆ క్లాజులో అలా చెప్పలేదు. అందుకే టీషర్ట్ మీద ప్రింట్ చేసి అమ్మాలనుకుంటే ఆర్టిస్ట్ అనుమతి తీసుకోవాల్సిందే.

దీనికోసం కొత్త ఫోన్ కొనాలా అంటే, అక్కర్లేదు. మెయిన్ కెమెరా బాగుండి ప్రో మోడ్ ఉన్న మిడ్‌రేంజ్ ఫోన్ సరిపోతుంది. బడ్జెట్ ఫోన్లలో వచ్చే 8 మెగాపిక్సెల్ అల్ట్రావైడ్‌ని మాత్రం నమ్ముకోకండి. మూలల్లో బ్రష్ గీతలన్నీ కలిసిపోయి కనిపిస్తాయి.