పడవలో బొమ్మ నిలవాలంటే

ఘంటసాల మండలం శ్రీకాకుళంలో, ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊళ్లో, డాబాల మీది డిష్‌లు గమనించండి. డీడీ ఫ్రీ డిష్‌వన్నీ ఆగ్నేయానికి, అంటే వాస్తు చెప్పే వంటింటి మూలకు తిరిగి ఉంటాయి. బిగించిన మనిషి వెళ్లిపోయాక ఏళ్ల తరబడి వాటిని ఎవరూ ముట్టుకోరు. కాకి వాలినా కదలనంత గట్టిగా గోడకు పట్టి ఉంటాయి.

అదే డిష్‌ను నాగాయలంక రేవులో ఒక విహార పడవ పైకప్పు మీద పెట్టారనుకోండి. పాత టీవీ తీసేసి 32 అంగుళాల కొత్త ఎల్ఈడీ టీవీ కూడా కొన్నారు. రేవులో కట్టి ఉన్నంతసేపు బొమ్మ అద్దంలా వస్తుంది. తాడు విప్పి పడవ నాలుగు గజాలు జరిగిందో లేదో, గళ్లు గళ్లుగా చెదిరి ఆగిపోతుంది. అందరూ టీవీనో, సెట్‌టాప్ బాక్సునో తిడతారు. తప్పు వాటిది కాదు.

మూడు డిగ్రీల కిటికీ

ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 నుంచి వస్తాయి. 2015 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. ఆ ఎత్తులో తిరిగేది భూమితో పాటే చుట్టు పూర్తి చేస్తుంది కాబట్టి మనకు ఆకాశంలో మేకు కొట్టినట్టు కనిపిస్తుంది. టీవీ, టెలిఫోను సంకేతాలకు ఈ కక్ష్య పనికొస్తుందని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే రాశాడు.

దివిసీమ నుంచి చూస్తే ఆ మేకు క్షితిజానికి దాదాపు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ చూస్తే అంత పైకి చూస్తున్నట్టు ఉండదు. మన ఇళ్ల మీది డిష్‌ల ఆకారమే అలాంటిది, ముఖం కంటే చూపు పైకి ఉంటుంది. ఆ చూపు ఎంత వెడల్పు అన్నదే అసలు ప్రశ్న. తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు, డిష్ వెడల్పు 60 సెంటీమీటర్లు అయితే అది చూడగలిగే కిటికీ మూడు డిగ్రీలు. చేయి పూర్తిగా చాచి బొటనవేలు కంటి ముందు నిలబెట్టండి. ఆ వేలి వెడల్పు సుమారు రెండు డిగ్రీలు. ఒకటిన్నర బొటనవేలంత సందులోంచి ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల అవతలి దీపాన్ని చూస్తున్నామన్నమాట.

కాబట్టి పడవ ఎంత దూరం పోయినా డిష్‌కు పెద్ద తేడా ఉండదు. నాగాయలంక నుంచి బందరు వరకు వెళ్లినా ఉపగ్రహం దిక్కు అర డిగ్రీ కూడా మారదు. పోటుకు పడవ మీటరు లేచినా లెక్కలోకి రాదు. కానీ ఫొటోల కోసం జనమంతా ఒక పక్కకు చేరి పడవ అయిదు డిగ్రీలు ఒరిగిందా, బొమ్మ పోయినట్టే. ఏటిమొగ దగ్గర ఒంటి లంగరు మీద నిలిపిన పడవ పోటుకు ఒక వైపు, పాటుకు ఇంకో వైపు తిరుగుతుంది. దాని మీది డిష్ కూడా తిరిగిపోతుంది.

పాత అనలాగ్ టీవీ అయితే సంకేతం తగ్గితే చుక్కలు చుక్కలుగానైనా మనుషులు కనిపించేవారు. డిజిటల్‌కు మధ్యస్థం లేదు. కొంతవరకు తప్పులు దిద్దుకుంటుంది, ఆ గీత దాటితే మొత్తం ఆగిపోతుంది. పైగా తప్పిపోయిన సంకేతాన్ని బాక్సు మళ్లీ పట్టుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆలోపు పడవ ఇంకోసారి ఒరుగుతుంది.

ఏ పడవకు ఏది?

కట్టి ఉంచే పడవకైతే డిష్ పడవ మీద వద్దు. గట్టు మీద గుంజకు బిగించి, తీగను మాత్రం పడవలోకి తెచ్చుకోవాలి.

నదిలో తిరిగే పడవకు ఫోను సంకేతమే మేలు. టవరు అయిదారు కిలోమీటర్లలో ఉంటుంది. ఉపగ్రహంతో పోలిస్తే కొన్ని వేల రెట్లు దగ్గర. దూరం వెయ్యి రెట్లు తగ్గితే అందే శక్తి పది లక్షల రెట్లు పెరుగుతుంది. అందుకే దానికి గురి అక్కర్లేదు, నాలుగు దిక్కుల నుంచీ పట్టే చిన్న కడ్డీ యాంటెన్నా చాలు. అయితే 40 మీటర్ల టవరు, పడవ మీద 3 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంటే భూమి వంపు వల్ల వాటి చూపు ముప్ఫై మూడు కిలోమీటర్ల దగ్గర తెగిపోతుంది. నిజానికి సంకేతం అంతకు ముందే పలచబడుతుంది.

గిలకలదిండి దాటి సముద్రంలోకి వెళ్లే పడవకు గుమ్మటంలో దాచిన తిరిగే డిష్ కావాలి. పడవ ఎటు ఒరుగుతోందో లోపలి జైరోలు కనిపెడితే, మోటార్లు డిష్‌ను అంతే మేర ఎదురు తిప్పుతాయి. తరంగాలు నిలువుగా, అడ్డంగా రెండు తీరుల్లో వస్తాయి కనుక పట్టే కొమ్మును కూడా మెలితిప్పాలి. ఇంత సరంజామా కాబట్టే దాని ధర టీవీ ధరను మించిపోతుంది.

కరెంటు, చిలుము

ఎల్ఈడీ టీవీ లోపల నడిచేది డీసీ కరెంటుతోనే. బ్యాటరీ డీసీని ఇన్వర్టరుతో ఏసీ చేసి, టీవీలో మళ్లీ డీసీ చేయడం దారిలో కొంత పారబోయడమే. 12 వోల్టులకు నేరుగా నడిచే టీవీ, బాక్సు కలిసి 40 వాట్లు తీసుకుంటే 3.3 ఆంపియర్లు. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగమే వాడినా పదిహేను గంటలు వస్తుంది.

పాత పిక్చర్ ట్యూబు టీవీకి ఇంకో ఇబ్బంది ఉండేది. పడవ దిక్కు మారితే భూమి అయస్కాంత బలం ఎలక్ట్రాన్లను కొద్దిగా పక్కకు నెట్టేది, తెర మూలల్లో రంగులు మారేవి. ఎల్ఈడీకి ఆ బెడద లేదు. ఉప్పుగాలి బెడద మాత్రం అలాగే ఉంది. బయట తీగ చివర బిగించే పిన్నుకు పచ్చటి చిలుము పట్టిందంటే ఎంత మంచి డిష్ ఉన్నా వృథా. నీరు చొరని టేపు చుట్టడం అన్నింటికంటే చవకైన మెరుగుదల.

వాన పడితే

రెండున్నర సెంటీమీటర్ల తరంగాన్ని జడివాన చినుకులు తాగేస్తాయి. బందరులోని వాతావరణ శాఖ తుపాను రాడార్ అందుకే సుమారు పది సెంటీమీటర్ల తరంగం వాడుతుంది. అది వానను చీల్చుకుని అవతల ఏముందో చూస్తుంది. 2015 ఆగస్టులో పంపిన జీశాట్-6 కూడా దాదాపు అలాంటి తరంగంతోనే పనిచేస్తుంది. దానికి ఆరు మీటర్ల విచ్చుకునే యాంటెన్నా ఉంది. పైన అంత పెద్దది ఉండి, పంపేది చిన్న సందేశమే అయినప్పుడు కింద పడవ మీద చేతిలో ఇమిడే పరికరం చాలు, అది గురి చూడనక్కర్లేదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పటికి హైదరాబాద్ దూరదర్శన్ మొదలై నెల కూడా నిండలేదు. ఇవాళ పడవలో పెద్ద తెర ఉంది. కానీ తుపాను వార్త అవసరమైన గంటలోనే వాన, ఊగులాట కలిసి దాన్ని చీకటి చేస్తాయి. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 358 మీటర్లు. చినుకు దాన్ని ఆపలేదు, పడవ ఒరిగినా తెగదు. కొత్త టీవీ కొనే జాబితాలో, అన్నింటికంటే పైన, ఒక బ్యాటరీ రేడియో రాసుకోండి.