గ్యాస్ అయిపోయిందంటే నమ్మే ముందట

మహదేవపూర్ దిక్కు సెకండ్ హ్యాండ్ ఫ్రీజర్ మీద బతికే ఇండ్లు ఉన్నయ్. గోదారి చేపలు అమ్మేటోళ్లు, చికెన్ సెంటరోళ్లు, కాళేశ్వరం గుడి కాడ ఐస్‌క్రీములు అమ్మేటోళ్లు కొత్తది కొనే తాకత్ లేక పాతది తెచ్చుకుంటరు. 2025 మేల సరస్వతి పుష్కరాలకు కాళేశ్వరం ఎట్ల నిండిందో చూసినం. 2027ల గోదావరి పుష్కరాలు వస్తున్నయ్. ఇంకెంతమందో అప్పు తెచ్చి పాత నిలువు ఫ్రీజర్లు కొంటరు.

గా ఫ్రీజర్ ఒకరోజు సల్లబడుడు బంద్ చేస్తది. వచ్చినాయన రెండు నిమిషాలు చూసి "గ్యాస్ అయిపోయింది" అంటడు. వేలు పోతయ్. నెలకు మళ్ల గదే కథ. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గ్యాస్ అనేది బండిల పెట్రోలు లెక్క ఖర్సయ్యేది కాదు. మూసేసిన పైపులల్ల తిరుగుకుంట, లోపలి వేడిని గుంజి బయట వదులుతది. పైపుకు పొక్క పడకపోతే ఏండ్లకేండ్లు అట్లనే ఉంటది. అందుకే గ్యాస్ అన్న మాట ఆఖరుకు రావాలె. ముందు గివి చూడాలె.

మొదటిది కరెంటు. మన ఇండ్లకు రావాల్సింది 230 వోల్టులు. 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 216 నుంచి 244 దాక. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరం ఉన్న ఇండ్లల్ల ఎండకాలం సాయంత్రం గంత రాదు. అప్పుడు కంప్రెసర్ లేవబోతది, లేవలేక "టక్" మని ఆగిపోతది. కొన్ని నిమిషాలకు మళ్ల గదే. చిన్న మల్టీమీటర్ పెట్టి చూడుండ్రి. వోల్టేజీ మంచిగనే ఉండి కూడ టక్ టక్ అంటే రిలే, ఓవర్‌లోడ్, కెపాసిటర్ చూపియ్యాలె. ఇవి చిన్న సామాన్లు, కంప్రెసర్ ధరకు దగ్గర కూడ రావు. కరెంటు పోయి వచ్చినంక మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగి వేయాలె. ఆ పని చేసే స్టెబిలైజర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. వాడంతా వోల్టేజీ తక్కువ ఉంటే అది ఫ్రీజర్ రోగం కాదు. 1912కు ఫోన్ కొట్టి కంప్లయింట్ నంబర్ తీసుకోండ్రి. ఒక్కలు కాదు, పదిమంది కొట్టుండ్రి.

రెండోది వేడి బయటికి పోయే తొవ్వ. ఎన్కనో కిందనో ఉండే నల్ల పైపుల జాలికి దుమ్ము, బూజు పడితే వేడి పోదు. ప్లగ్గు తీసి మెత్తని బ్రష్‌తోని దులుపుండ్రి. కొన్నిటికి జాలి పక్క గోడల లోపల ఉంటది, గవి వేడిగ తగిలితే బుగులు పడొద్దు. గోడకు జానెడు దూరం జరుపుండ్రి. రేకుల షెడ్డుల ఎండ పడే కాడ పెట్టొద్దు.

మూడోది తలుపు రబ్బరు. పది రూపాయల నోటు నడుమ పెట్టి తలుపు మూసి గుంజుండ్రి. అలకగ వస్తే అక్కడ గాలి దూరుతున్నట్టు. తలుపు సుట్టూ ఇట్లనే చూడాలె. రబ్బరును గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగితే సగం సార్లు మళ్ల పట్టుకుంటది. చినిగితే రబ్బరు ఒక్కటే మార్పియ్యాలె.

నాలుగోది మంచు. లోపల ఫ్యాన్ ఉండే ఫ్రీజర్లల్ల పైపులు ఎనుక పలక చాటుకు ఉంటయ్. ఆడ మంచు గడ్డకడితే గాలి ఆడదు. సామాను తీసి, ప్లగ్గు పీకి, తలుపు తెరిచి ఒక రోజు ఇడిసిపెట్టుండ్రి. తర్వాత మంచిగ సల్లబడి, వారం పది రోజులకు మళ్ల ఆగితే మంచు కరిగించే హీటర్, టైమర్, సెన్సర్లల్ల ఏదో పోయినట్టు. గ్యాస్ పోలే. కత్తితోని, స్క్రూడ్రైవర్‌తోని మంచు పొడవొద్దు. పైపుకు పొక్క పడితే అప్పుడు నిజంగనే గ్యాస్ పోతది.

ఇవన్నీ చూసినంక కంప్రెసర్ ఆగకుండ నడుస్తున్నా, మంచు మొదటి అర మీదనే పట్టి తక్కిన అరలు ఒట్టిగుంటే గ్యాస్ తక్కువైంది, లేకపోతే సన్న పైపుల అడ్డం పడ్డది. అప్పుడు మెకానిక్‌ను అడుగుండ్రి: పొక్క ఏడున్నది? దాన్ని అతికినవా? ఫిల్టర్ మార్చినవా? వాక్యూమ్ పెట్టినవా? గ్యాస్ తూకం ఏసి కొట్టినవా? బిల్లు ఇస్తవా? పొక్క మూయకుండ గ్యాస్ కొట్టుడంటే, అడుగు పోయిన బిందెల నీళ్లు పోసుడే.

ఒక్కటి పానం మీది ముచ్చట. స్టిక్కర్ మీద ఆర్-600ఎ అని ఉంటే అది అంటుకునే గ్యాస్. వంటగ్యాస్‌కు సుట్టం. దాని పైపుల జోలికి మీరు పోవద్దు, నేర్చినోళ్లే పట్టాలె. కెపాసిటర్ ప్లగ్గు తీసినా షాక్ కొడతది. ఎర్తింగ్ లేకుండ ఫ్రీజర్ నడపొద్దు.

కొనేటప్పుడు కూడ స్టిక్కర్ చదువుండ్రి. క్లైమేట్ క్లాస్ 'టి' అని ఉంటే 43 డిగ్రీల వేడి దాక పనిచేసేటట్టు చేసింది. 'ఎన్' అని ఉంటే 32 దాకనే. మన మే నెల ఎండకు అది తట్టుకోదు. గ్యాస్ ఆర్-12 అని ఉంటే ముట్టొద్దు, ఓజోన్ పొరను తినే ఆ గ్యాస్ తయారీ మన దేశంల ఎన్నడో బంద్ అయింది. అమ్మెటాయన కాడనే నడిపిచ్చి, థర్మామీటర్ పెట్టి మైనస్ 18 దాక పోతదో లేదో చూసి పైసలు ఇయ్యాలె. ట్రాలీల నిలబెట్టే తేవాలె. పండబెట్టి తెస్తే నిలబెట్టి కొన్ని గంటలు ఆగినంకనే స్విచ్ వేయాలె, లేకపోతే ఆయిల్ పైపులల్లకు పోతది.

ఫ్రీజర్ ఆగిన నాడు తలుపు ఊకె తెరవకుండ్రి. కరిగి వాసన వచ్చిన చేపలను మళ్ల గడ్డకట్టిచ్చి అమ్ముడు పాపం, తిన్నోళ్లకు రోగం.

ఐటీఐలల్ల రిఫ్రిజిరేషన్, ఏసీ టెక్నీషియన్ కోర్సు రెండేండ్లది ఉన్నది. మండలానికి ఇద్దరు ముగ్గురు పోరగాండ్లు, పోరీలు సక్కగ నేర్చుకుంటే వాళ్లకు పని దొరుకుతది. గరీబోని చేపలూ, అప్పు తెచ్చిన పైసలూ కరిగిపోకుండ ఉంటయ్.