ఎనిమిదవ సర్వరు

ఈనాడు మన పట్టణములలోనే గాక పల్లెలలో సైతము, కొడుకో కోడలో సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్న ఇండ్లు అనేకము కలవు. రాత్రి భోజనముల వేళ ఆ కుర్రవాడు, ‘అమ్మా, ఈ రాత్రి మాకు రిలీజు ఉన్నది, నాకొరకు మేలుకొని కూర్చోవద్దు’ అని చెప్పి గది తలుపు వేసికొనును. రిలీజు అనగా సినిమా విడుదల యని మాత్రమే ఎరిగిన తల్లికి, అర్ధరాత్రివేళ ఇంటిలో కూర్చుండి వీడు విడుదల చేయునదేమో బోధపడదు. తెల్లవారిన పిదప కుమారుని ముఖము చూచి, పని చక్కగా జరిగినదో లేదో మాత్రము ఆమె గ్రహింపగలదు. ఆ రాత్రిపని ఎట్టిదో, సంస్థలు దానిని ఎట్లు నడుపుకొనవలెనో కొంత ముచ్చటింపదలచినాము.

సాఫ్టువేరు అనగా యంత్రమునకు మనము వ్రాసి యిచ్చిన ఆజ్ఞల సముదాయమే. వంతెన ఒకసారి కట్టినచో ఏండ్ల తరబడి అట్లే నిలిచి యుండును. సాఫ్టువేరు అట్లు కాదు. పన్నుల రేటు మారినను, బ్యాంకు నిబంధన మారినను, పోటీవాడు క్రొత్త సదుపాయము కల్పించినను ఆ ఆజ్ఞలను తిరిగి వ్రాయవలసినదే. పైగా వ్రాసినంత మాత్రమున పని తీరదు. వ్రాసినదానిని పరీక్షించి, ఆగక పని చేయుచున్న యంత్రములలోనికి ఎక్కింపవలెను. రైలు నడుచుచుండగనే చక్రము మార్చుట వంటి పని యిది.

ఈ పని యొక్క కష్టము నిన్న మొన్న తెలిసినది కాదు. 1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్ పట్టణమున, నాటో సంస్థ విజ్ఞానశాఖ ఆధ్వర్యవమున నిపుణులు సమావేశమై, సాఫ్టువేరు తయారీ ఏల ఆలస్యమగుచున్నది, ఏల తప్పులతడక యగుచున్నది అని చర్చించిరి. ‘సాఫ్టువేరు ఇంజనీరింగు’ అను పేరు అక్కడినుండియే ప్రచారమునకు వచ్చినది. ఐ.బి.యం. వారి 360 కంప్యూటర్లకు ఆపరేటింగు సిస్టమును తయారుచేయించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో తన అనుభవములను గ్రంథముగా ప్రకటించెను. ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చినకొలది అది మరింత ఆలస్యమగునని ఆయన తేల్చిన విషయము. పెండ్లివారింట ముహూర్తవేళకు నలుగురు క్రొత్త వంటవాండ్రను పిలిపించినచో, ఉప్పు ఎక్కడ, పప్పు ఎక్కడ అని వారికి చూపుటలోనే ఉన్న వంటవానికి పొద్దు గడచును గదా.

ఐతే మేము ఇచ్చట వివరింపదలచినది ఆలస్యపు కథ కాదు. గడువులోపలనే పని పూర్తిచేసిన ఒక సంస్థ ముప్పాతిక గంటలో కూలిన కథ. అది అమెరికాలో జరిగినది.

న్యూజెర్సీ రాష్ట్రములోని జెర్సీ సిటీలో నైట్ క్యాపిటల్ అను షేరు వ్యాపారసంస్థ యుండెడిది. అమెరికా షేరు మార్కెట్లలో జరుగు వ్యాపారములో ఇంచుమించు పదవవంతు దాని ద్వారా సాగుచుండెడిది. 2012 ఆగస్టు 1వ తేదీనుండి న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజి చిన్న మదుపుదారుల ఆర్డర్లకై ఒక క్రొత్త పథకమును ప్రారంభింపనుండెను. అందు పాల్గొనుటకు నైట్ సంస్థ తన సాఫ్టువేరును మార్చుకొనవలసి వచ్చినది. మార్పు వ్రాసిరి. జులై 27 మొదలుకొని దానిని ఎనిమిది సర్వర్లపైకి విడతలు విడతలుగా ఎక్కించిరి. ఏడింటిపై ఎక్కినది. ఎనిమిదవదానికి క్రొత్త కోడును నకలు చేయుట ఒక సాంకేతికోద్యోగి మరచెను. మరచిన సంగతి ఎవరును గమనింపలేదు.

ఇంతవరకు విన్నవారికి, ఒక యంత్రము పాతపద్ధతిలో పనిచేసినచో మునిగిపోవునదేమి అని తోచును. ఇచ్చటనే అసలు చిక్కు ఉన్నది. ఆ సాఫ్టువేరులో ‘పవర్ పెగ్’ అను పాత భాగమొకటి యుండెను. 2003లోనే దాని వాడకమును మానివేసిరి. మానివేసిరే గాని తొలగింపలేదు. గాదె మూలన పడియున్న విరిగిన నాగలివలె అది అట్లే కోడులో నిలిచిపోయినది. ఒక పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు దానిని చిన్న చిన్న ఆర్డర్లుగా మార్కెటునకు పంపుట దాని పని. పెద్ద ఆర్డరు నిండినంతనే పంపుట మానవలెను గనుక, ఇంతవరకు ఎన్ని షేర్లు వచ్చినవో లెక్కించు భాగమొకటి దానికి తోడుగా ఉండెడిది. 2005లో ఆ లెక్క చూచు భాగమును వేరొకచోటికి మార్చిరి. మార్చిన పిదప పవర్ పెగ్ సరిగా పనిచేయునో లేదో పరీక్షింపలేదు. వాడనిదానికి పరీక్ష ఎందుకని కాబోలు. పది బస్తాలు కొని తెమ్మని పాలేరును సంతకు పంపి, లెక్క చెప్పువానిని మాత్రము ఇంటియొద్దనే నిలిపివేసినట్లైనది. వాడు పదియు కొనును, వందయు కొనును.

ఇక రెండవ పొరపాటు. క్రొత్త పథకపు ఆర్డర్లను గుర్తించుటకు ఒక సంకేతము కావలసివచ్చినది. క్రొత్త సంకేతమును కల్పించుటకు మారుగా, ఒకప్పుడు పవర్ పెగ్‌ను మేల్కొల్పుటకు వాడిన సంకేతమునే తిరిగి వాడిరి. రైల్వేవారు పాత జెండాకు క్రొత్త అర్థము చెప్పి, ఏడు స్టేషన్లకు కబురంపి, ఎనిమిదవ స్టేషనును మరచినచో ఏమగునో అదియే అయినది.

ఆగస్టు 1వ తేదీ ఉదయము తొమ్మిదిన్నరకు మార్కెటు తెరచిరి. ఏడు సర్వర్లు సంకేతమును క్రొత్త అర్థములో గ్రహించినవి. ఎనిమిదవది పవర్ పెగ్‌ను నిద్రలేపినది. ఆ ఉదయము దానికి అందినవి 212 చిన్న మదుపుదారుల ఆర్డర్లు మాత్రమే. వాటిని తీర్చుటకై అది లక్షల సంఖ్యలో ఆర్డర్లు కుమ్మరించినది. సుమారు 45 నిమిషములలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు, 39 కోట్ల 70 లక్షలకు పైగా షేర్లు చేతులు మారినవి. ఒకప్రక్క 350 కోట్ల డాలర్ల షేర్లు అక్కరలేకయే కొన్నది, వేరొకప్రక్క 315 కోట్ల డాలర్ల షేర్లు తన యొద్ద లేకయే అమ్మినది. వీటిని వదలించుకొనుసరికి తేలిన నష్టము 46 కోట్ల డాలర్లు దాటినది.

ఆ ముప్పాతిక గంటలో ఇంజనీర్లు చేసిన పని కూడ తెలిసికొనదగినది. తప్పు క్రొత్త కోడులోనిదని వారు భావించిరి. అట్లు భావించుట సహజమే. కాబట్టి సరిగా పనిచేయుచున్న ఏడు సర్వర్లనుండి క్రొత్త కోడును తొలగించిరి. సంకేతము మాత్రము వచ్చుచునే యున్నది. అందువలన ఆ ఏడింటిలోను పవర్ పెగ్ మేల్కొన్నది! చమురును నీరని భ్రమించి మంటపై పోసినట్లైనది. వెనుకకు మరలుట ఎల్లప్పుడు క్షేమమని సాఫ్టువేరువారిలో ఒక నమ్మకము కలదు. మరలు దారిని ముందుగా నడచి చూచినప్పుడే ఆ నమ్మకమునకు విలువ.

ఇంకొక సంగతి మమ్ము ఎక్కువగా కలతపెట్టుచున్నది. ఆనాడు మార్కెటు తెరచుటకు పూర్వమే, ఎనిమిది గంటలు దాటినది మొదలుకొని, సంస్థలోని యంత్రమే పవర్ పెగ్ పేరు పేర్కొనుచు, ఏదియో పొరపాటున్నదని 97 ఈ-మెయిళ్లు పంపినది. అవి ఒక బృందమునకంతకు చేరినవి. ఎవరును వాటిపై చర్య తీసికొనలేదు. వాటిని హెచ్చరికలుగా ఎవరును ఏర్పాటు చేయలేదు గనుక, వచ్చినను చదువు అలవాటు లేదు. పదిమందికి పంపిన జాబు ఎవరికిని పంపని జాబుతో సమానమే. ఊరంతటికి కాపలా అప్పగించినచో దొంగకు ఎదురెవరు?

ఈ కథను విన్నవారిలో చాలమంది ‘ఆ మరచిన ఉద్యోగిని పనినుండి తీసివేసిరా?’ అని మొదట అడుగుదురు. ఆ ప్రశ్నకే మేము అభ్యంతరము చెప్పుచున్నాము. మనుష్యుడు మరచును. ఎనిమిదిసార్లు ఒకే పనిని చేతితో చేయుమన్నచో ఏదో ఒకనాడు ఏడింటితో ఆగును. ఇది దుర్మార్గము కాదు, శరీరధర్మము. అతడు చేసినదానిని రెండవవాడు చూడవలెనను వ్రాతపూర్వకమైన నియమము ఆ సంస్థలో లేదు. మన ఖజానా ఆఫీసులలో ‘డబుల్ లాకు’ అని యొక పద్ధతి కలదు. ఒకే పెట్టెకు రెండు తాళములు, తాళపుచెవులు ఇద్దరి యొద్ద. ఇరువురును దొంగలని గాదు ఆ యేర్పాటు. ఒక్కని జ్ఞాపకముపై ప్రజాధనమును నిలుపరాదని. కోట్ల డాలర్ల యంత్రమునకు ఆపాటి తాళమైనను లేకపోవుట యజమానుల లోపమే గాని కూలివాని లోపము కాదు.

అట్లే ఆ సంస్థయొద్ద సొమ్ము పరిమితులు లేకపోలేదు. పొరపాటున వచ్చిపడిన షేర్లు చేరు ఖాతాకు 20 లక్షల డాలర్ల హద్దు కాగితముపై ఉండెను. ఆ హద్దు దాటినచో యంత్రమును ఆపు ఏర్పాటు మాత్రము లేదు. దాటిన సంగతిని మనిషి తెరపై చూచి గ్రహింపవలెను. క్షణమునకు వేల ఆర్డర్లు పంపు యంత్రమునకు, కన్నులార్పు మనుష్యుని కాపలాయుంచిరి.

మరి చేయదగినదేమి? పరీక్షింపబడిన కోడును అన్ని సర్వర్లకు మనిషి కాక యంత్రమే నకలు చేయవలెను, అన్నిటిలోను ఒక్కటే యున్నదని తిరిగి యంత్రమే సరిచూడవలెను. వాడనిదానిని కోడునుండి తొలగింపవలెను. ఇది చెప్పినంత సులభము కాదు. పాత కోడును ముట్టుకొనుటకు అందరును జంకుదురు. వ్రాసినవారు ఉద్యోగము మారియుందురు. క్రొత్తవారికి దాని ఆనుపానులు తెలియవు. మనవారికి ఈ బాధ చక్కగా తెలిసినదే. 1990 దశకము చివర, సంవత్సరమును రెండంకెలతో వ్రాసిన పాత ప్రోగ్రాములు 2000 జనవరి 1న తప్పుదారి పట్టునని ప్రపంచము భయపడినప్పుడు, హైదరాబాదునుండి వెడలిన తెలుగు యువకులు ఎందరో అమెరికా కంపెనీల కోబాలు ప్రోగ్రాములను వరుసవెంట వరుస చదివి సరిచేసిరి. వ్రాసినవాడు ఎప్పుడో విడిచిపోయిన కోడును చదువుట యనగా, పేరు తెలియని పూర్వీకుని దస్తూరిని విప్పుట వంటిది. ఆ పనికి మెప్పు లేదు. క్రొత్త సదుపాయము చేర్చినవానికి బహుమానము లభించును, పాతదానిని తీసివేసినవానిని ఎవరును తలపరు. యాజమాన్యము మొదట సవరించుకొనవలసినది ఈ అలవాటునే.

ప్రమాదము జరిగిన పిదప కొన్ని సంస్థలు వేరొక పొరపాటు చేయును. ప్రతి మార్పునకు అయిదుగురి సంతకములు కావలెనని ఉత్తరువు వెలువడును. ఆ అయిదుగురును చదువకయే సంతకము చేయుదురు, నాలుగవవాడు మూడవవానిని నమ్మి, అయిదవవాడు నాలుగవవానిని నమ్మి. పని మందగించును గనుక మార్పులన్నియు మూటగట్టి మూడు నెలలకొకసారి విడుదల చేయుదురు. మూట పెద్దదైనకొలది, చెడినప్పుడు అందు ఏది చెడినదో వెదకుట కష్టతరమగును. చిన్న మార్పును మొదట ఒక్క సర్వరుపై, ఒక్క పూట నడిపించి, తరువాత తక్కినవాటికి విస్తరించుటయే మేలైన మార్గమని అనుభవజ్ఞులు చెప్పుదురు. మొదటి ఆకుమడిలో మొలక చూచి గదా రైతు మిగిలిన విత్తనమును నమ్మును.

ఇక ఆపు అధికారము. తొమ్మిది గంటల ముప్పదియొక నిమిషమునకు యంత్రము పిచ్చిగా పరుగెత్తుచున్నదని గ్రహించిన చిన్న ఉద్యోగికి, ఎవరిని అడుగకయే దానిని ఆపు హక్కు ఉన్నదా? ఆపిన పిదప అది అనవసరమని తేలినచో అతనిని నిందింపరను భరోసా ఉన్నదా? ఈ రెండవదానిని కాగితముపై వ్రాసిన సంస్థలు కలవు, పాటించునవి తక్కువ. విమానయానరంగమున ఈ విషయము ముందే గుర్తించిరి. 1976లో అమెరికాలో పైలట్లు మొదలగువారు తమ పొరపాట్లను నాసా సంస్థకు గోప్యముగా తెలుపుకొను ఏర్పాటు నెలకొల్పిరి. చెప్పినవానిని శిక్షించుచో మరునాడు ఎవరును చెప్పరు. చెప్పనిచో తరువాతి విమానములోనివారికి తెలియదు. కంప్యూటరు సంస్థలలో కూడ ప్రమాదానంతరము ‘ఎవరు చేసిరి?’ అని కాక, ‘అది అతనికి ఆ క్షణమున సరియైన పనిగా ఏల కనబడినది?’ అని అడుగు పద్ధతి కొంత ప్రబలినది. పై కథలో ఏడు సర్వర్లనుండి క్రొత్త కోడు తీసినవారిని గూర్చి ఈ ప్రశ్న వేసి చూడుడు. సమాధానము వారియొద్ద దొరకదు, తొమ్మిదేండ్లుగా మూలబడియున్న పవర్ పెగ్ యొద్ద దొరకును.

నైట్ సంస్థ ఆ వారములోనే ఇతర మదుపుదారులనుండి 40 కోట్ల డాలర్లు తెచ్చుకొని ప్రాణము నిలుపుకొన్నది. 2013 జులైలో గెట్కో అను మరియొక సంస్థతో విలీనమైనది. ఆ యేడు అక్టోబరులో సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజి కమిషను విచారణ ముగించి, ఒక కోటి ఇరువది లక్షల డాలర్ల జరిమానా విధించినది. కమిషను ఉత్తరువులో ఆ యుదయపు సంగతులు నిమిషములతో, అంకెలతో, కోడు యొక్క చరిత్రతో సహా వివరింపబడినవి. కోడును ఎనిమిదవ సర్వరుకు నకలు చేయ మరచిన ఆ యుద్యోగి పేరు మాత్రము అందు ఎక్కడను లేదు.