మెదడుకు ఫొటో తీసే చదువు

"మెదడుకు ఫొటోలు తీయడం నేర్చుకోవడానికి లండన్ దాకా వెళ్ళాలా అమ్మాయీ? మన గుంటూరులో తీయరూ?" అని పక్కింటి పిన్నిగారు అడిగినప్పుడు నవ్వాను. కాని ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. గుంటూరులోనూ తీస్తారు. మా బామ్మకు పక్షవాతం వచ్చిన రోజున తీశారు కూడా. ఎడమవైపు నల్లటి మచ్చ చూపించి, "మాట దెబ్బతింది" అన్నారు డాక్టరుగారు.

అప్పటినుంచీ బామ్మకు మిగిలింది ఒక్కటే మాట: "సరేలే". కాఫీ కావాలా అంటే సరేలే. వద్దా అన్నా సరేలే. నెల తిరిగేసరికి, పాపం ఆవిడకేమీ తెలియడం లేదని ఇంటిల్లిపాదీ నిశ్చయించుకున్నాం. ఆవిడ మంచం పక్కనే కూర్చుని ఆవిడ గురించే మాట్లాడుకునేవాళ్ళం. పల్లెలో తాతగారు కట్టించిన ఇల్లు అమ్మేద్దామన్న మాటా అక్కడే వచ్చింది. అమ్మితే నా చదువుకు చేసిన అప్పు తీరుతుంది. "ఏమంటావమ్మా?" అని నాన్నగారు లాంఛనంగా అడిగారు. "సరేలే" అంది బామ్మ. నేను సంతోషంగా విమానమెక్కాను.

నేను చేరింది లండన్‌లోని క్వీన్ స్క్వేర్‌లో. పక్షవాతంతో మంచం పట్టిన బామ్మకు సేవలు చేసిన జొహానా చాండ్లర్ అనే ఆవిడ, తోబుట్టువులతో కలిసి 1859లో ఇక్కడి నరాల ఆస్పత్రికి పునాది వేసిందట. ఆ సంగతి విన్నప్పుడు మా బామ్మ కళ్ళముందు మెదిలింది.

ఇది ఎం.ఎస్‌సి., ఏడాది చదువు. యంత్రం వున్న గదిలోకి పోయేముందు గాజులు, కమ్మలు, జడపిన్నులు అన్నీ తీసేయాలి. లోపలి అయస్కాంతం బలం 3 టెస్లాలు. భూమి అయస్కాంత బలానికి సుమారు 60,000 రెట్లన్నమాట! మనిషిని అందులో పడుకోబెట్టి ఏవో బొమ్మలు చూపిస్తారు, మాటలు వినిపిస్తారు. మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి ప్రాణవాయువు నిండిన రక్తం ఎక్కువగా పరుగెత్తుతుంది. ప్రాణవాయువున్న రక్తమూ, లేని రక్తమూ అయస్కాంతం దగ్గర వేరువేరుగా ప్రవర్తిస్తాయి. ఆ తేడానుబట్టి బొమ్మ తీయవచ్చునని 1990లో సెయిజీ ఒగావా అనే జపాను శాస్త్రజ్ఞుడు చూపించాడు.

అంటే మనకు కనిపించేది ఆలోచన కాదు సుమండీ, రక్తం! అదీ అయిదారు సెకన్లు ఆలస్యంగా. వంటింట్లోకి తొంగిచూడకుండా, పొగనుబట్టి వంట అవుతోందని చెప్పడం లాంటిది.

ఇంకో తమాషా వినండి. 2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు చచ్చిన సాల్మన్ చేపను ఈ యంత్రంలో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వీళ్ళ మనసులో ఏముందో చెప్పమని అడిగారు. లెక్క జాగ్రత్తగా కట్టకపోతే చచ్చిన చేప మెదడులోనూ వెలుగు కనిపించింది! బొమ్మలో 50,000 గడులున్నాయనుకోండి. వెయ్యికి ఒకటి చొప్పున పొరపాటు జరిగినా 50 గడులు ఊరికే వెలుగుతాయి. అందుకే ఒక్క బొమ్మ చూసి తీర్పు చెప్పకూడదని మాకు పదేపదే నూరిపోశారు.

ఒకరోజు పాఠంలో లెబోర్న్ అనే రోగి కథ వచ్చింది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు అతన్ని చూశాడు. ఏమడిగినా "టాన్" అనడమే తప్ప మరో మాట దాదాపు రాదు. కాని అడిగింది చాలావరకు అర్థమయ్యేది. అంకెల ప్రశ్నలకు వేళ్ళు చూపించి జవాబు చెప్పేవాడు. అతను పోయాక మెదడులో ఎడమవైపు ముందుభాగాన దెబ్బ వున్నదని బ్రోకా లోకానికి చాటాడు. పారిస్‌లో దాచివుంచిన ఆ మెదడునే మన కాలపు యంత్రంలో పెట్టి చూస్తే, దెబ్బ బ్రోకా పైనుంచి చూసినదానికన్నా చాలా లోతుగా వున్నదని 2007లో ప్రకటించారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అతనికి "టాన్", మా బామ్మకు "సరేలే". గుంటూరులో తీసిన ఫొటో బామ్మ మాట దెబ్బతిన్నదని చెప్పింది. ఆవిడకేమీ తెలియదని చెప్పలేదే! అది మేము కల్పించుకున్నది.

మర్నాడే ఫోను చేశాను. "నాన్నగారూ, బామ్మను మాటతో జవాబు అడగకండి. ముందు గ్లాసూ, దువ్వెనా పెట్టి, నేను చెప్పింది చూపించమనండి" అన్నాను. ఎడమచేత్తో తడబడకుండా చూపించిందట. అప్పుడు పల్లెలోని ఇంటి ఫొటో ముందుపెట్టి, "అమ్మేద్దామా?" అని అడిగారు. బామ్మ ఆ ఫొటో తీసుకుని తలగడ కిందికి తోసేసింది. నోటితో మాత్రం "సరేలే" అంటూనే వుంది. ఒక్కసారితో నమ్మవద్దన్నాను. రోజు విడిచి రోజు, ప్రశ్న తిప్పి తిప్పి మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఫొటో తలగడ కిందికే పోయింది. బేరం మానుకున్నాం. నా అప్పు నేనే తీర్చుకుంటాను.

పక్షవాతం వచ్చిన అందరి సంగతీ ఇలాగే వుండదు. కొందరికి మాటతోపాటు అర్థం చేసుకునే శక్తీ దెబ్బతింటుంది. అది తేల్చవలసింది మాట నేర్పే నిపుణులు. కాని తేలేదాకా, మంచంమీది మనిషి వింటున్నదనే అనుకుని మాట్లాడండి.

ఈసారి వెళ్ళినప్పుడు పిన్నిగారితో చెబుతాను: ఫొటో గుంటూరులోనే తీస్తారండీ, ఆ ఫొటోలో ఏది కనబడదో తెలుసుకోవడానికే అంత దూరం వెళ్ళాను.