సన్న కాడలో ఉంది కిటుకు

డాలస్ శివార్లలో ఉంటున్న మా తమ్ముడు ఇంట్లోనే బీరు తయారు చేసుకుంటాడు. అక్కడ అది చట్టసమ్మతమే. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి తయారు చేసుకోవచ్చు, అమ్మకూడదు. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఈ పని చేస్తే నేరం కాబట్టి ఆ సరంజామాను నేను దగ్గర్నుంచి చూసింది అక్కడే. మాల్ట్ వాసన ఇల్లంతా పట్టేస్తోందని మరదలు వంటింట్లోంచి వెళ్లగొడితే సామానంతా గరాజ్‌లోకి చేరింది. శనివారం పిల్లల ఈత క్లాసు అయ్యాక, సాయంత్రం ఎవరైనా భోజనానికి వచ్చేలోపు ఆ పని ముగియాలి. అదీ ఒప్పందం.

పిక్నిక్‌కు తీసుకెళ్లే ఐస్‌పెట్టెకు అడుగున కుళాయి బిగించి, అందులో నలగ్గొట్టిన మాల్ట్‌ను, అంటే మొలక బార్లీని, 67 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెడతాడు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టిన ఎంజైములు ఆ గంటలో పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. మొలకెత్తిన రాగుల పిండితో కాచిన జావ పలచగా, కాస్త తియ్యగా ఉండటానికీ ఇదే కారణం. ఆ తీపి నీళ్లను వోర్ట్ అంటారు. దాన్ని పెద్ద స్టీలు గిన్నెలో హాప్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, లోపలి వాయువు బయటికి పోయేలా, బయటి గాలి లోపలికి రాకుండా నీళ్ల అడ్డు ఉన్న బకెట్‌లో పోసి ఈస్ట్ కలుపుతాడు. కలిపే ముందు మాత్రం కొంచెం వోర్ట్‌ను పొడుగాటి గొట్టంలో పట్టి, అందులోకి ఒక గాజు తేలుడుబుడ్డిని వదులుతాడు. అదే హైడ్రోమీటర్. ఆ గరాజ్ మొత్తంలో అన్నిటికన్నా చవకైన వస్తువు అదే. నన్ను అక్కడ కట్టి పడేసిందీ అదే.

దాని మీదున్న గీతలను చూస్తూ తమ్ముడి కూతురు అడిగింది: “పెదనాన్నా, పై గీతలు దూరంగా ఉన్నాయి, కింది గీతలు దగ్గరగా ఉన్నాయి. తయారు చేసినవాళ్లు సరిగ్గా గీయలేదా?”

సరిగ్గానే గీశారు. ఆ పిల్ల చూసిన తేడాలోనే ఈ పరికరం గుట్టంతా ఉంది.

తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువున్న ద్రవాన్ని పక్కకు నెడుతుంది. ఇది ఆర్కిమెడిస్ మాట, బడిలో అందరం చదువుకున్నదే. హైడ్రోమీటర్ బరువు 30 గ్రాములు అనుకుందాం. మంచినీళ్లలో అది 30 ఘనపు సెంటీమీటర్ల నీటిని తోసి నిలబడుతుంది. చక్కెర కలిసి సాపేక్ష సాంద్రత 1.050 అయిన వోర్ట్‌లో వేస్తే, 30ని 1.050తో భాగించగా వచ్చే 28.57 ఘనపు సెంటీమీటర్లు తోస్తే చాలు, బరువు సరిపోతుంది. తేడా దాదాపు 1.43 ఘనపు సెంటీమీటర్లు. చిన్న టీ చెంచాకు కూడా చాలదు. ఇంత చిన్న తేడాను కంటికి కనబడేలా చేయడం ఎలా?

కాడను సన్నగా చేయాలి. అంతే! ఈ జవాబులోని పొదుపు నాకెంతో ఇష్టం. బుడ్డి లావుగా ఉండి బరువంతా మోస్తుంది, కొలత పని మాత్రం కాడది. కాడ అడ్డకోత వైశాల్యం 0.2 చదరపు సెంటీమీటర్లు, అంటే అర సెంటీమీటరు మందం ఉంటే, ఆ 1.43 ఘనపు సెంటీమీటర్ల తేడా కాడ మీద ఏడు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. అదే కాడను ఒక సెంటీమీటరు మందం చేస్తే రెండు సెంటీమీటర్లు కూడా రాదు. సన్న కాడ మీద మూడో దశాంశ స్థానం ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడంతో కనిపిస్తుంది. పళ్లచక్రాలు లేవు, స్ప్రింగులు లేవు, అరిగిపోయే భాగమంటూ లేదు. ఆకారంతోనే ఒక చిన్న తేడాను పెద్దది చేసి చూపించే యంత్రం ఇది.

గీతల ఎడం కూడా ఇక్కడే తేలిపోతుంది. మునిగే భాగం ఘనపరిమాణం సాంద్రతకు విలోమంగా మారుతుంది. 1.000 నుంచి 1.010కి వెళ్లేటప్పుడు మన కాడ 15 మిల్లీమీటర్లు కదిలితే, 1.090 నుంచి 1.100కి వెళ్లేటప్పుడు పన్నెండున్నర మిల్లీమీటర్లే కదులుతుంది. స్కేలుతో కొలిచి చూపించాక పాప ఒప్పుకుంది.

ఇక బుడ్డి అడుగున సీసపు గుళ్లు. వాటి వల్ల గరిమనాభి కిందికి దిగి, పరికరం పక్కకు వాలకుండా నిటారుగా నిలుస్తుంది. అవి లేకపోతే కాడ అడ్డంగా పడిపోతుంది, ఇక చదవడానికి ఏమీ ఉండదు.

ఇంత తేలికైన పనిముట్టు బీరు తయారీదార్ల చేతికి ఆలస్యంగా వచ్చింది. ఈ ఊహ మాత్రం చాలా పాతది. క్రీ.శ. 400 ప్రాంతంలో సినీసియస్ అనే శిష్యుడు అలెగ్జాండ్రియాలోని తన గురువు హైపేషియాకు ఉత్తరం రాస్తూ, పిల్లనగ్రోవి ఆకారంలో గీతలున్న గొట్టం, ఒక కొసన శంకువు, నీళ్లలో నిటారుగా నిలిచేది ఒకటి చేయించి పంపమని కోరాడు. 1675లో రాబర్ట్ బాయిల్ దొంగ నాణేలను పట్టుకోవడానికి ఇలాంటిదే వాడాడు. బ్రూవరీల్లో మాత్రం 18వ శతాబ్దం సగం గడిచాక కూడా నాలుక, ముక్కు, అనుభవం ఇవే కొలతలు.

ఇంగ్లండ్‌లోని ఆల్టన్ పట్టణంలో జేమ్స్ బావర్‌స్టాక్ తండ్రితో కలిసి బ్రూవరీ నడిపేవాడు. తండ్రికి కొత్త పనిముట్లంటే గిట్టదు. కొడుకు థర్మామీటర్‌ను చాటుగా వాడాల్సి వచ్చింది. 1760ల చివర్లో లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో పరికరాలమ్మే బెంజమిన్ మార్టిన్ దగ్గర హైడ్రోమీటర్ కొన్నాడు. దాన్ని వోర్ట్‌లో వదిలి, ఏ మాల్ట్‌లో ఎంత సారం ఉందో అంకెల్లో చూశాడు. ఉత్సాహంగా వెళ్లి లండన్‌లోని పెద్ద బ్రూవర్ శామ్యూల్ విట్‌బ్రెడ్‌కు చూపిస్తే ఆయన కొట్టిపారేశాడు. సౌత్‌వార్క్‌లో బ్రూవరీ ఉన్న హెన్రీ త్రేల్ మాత్రం ఆదరించాడు. బావర్‌స్టాక్ పుస్తకం అచ్చయింది 1785లో.

ఏడాది ముందే, 1784లో, హల్ పట్టణానికి చెందిన జాన్ రిచర్డ్‌సన్ తన పుస్తకం వేసేశాడు. పరికరానికి శాకరోమీటర్ అని పేరు పెట్టిందీ ఆయనే. ఇద్దరిలో ముందుగా వాడింది బావర్‌స్టాక్, ముందుగా పుస్తకంలో పెట్టింది రిచర్డ్‌సన్. గెలుపు ఎవరిదని అడిగితే నా ఓటు రిచర్డ్‌సన్‌కే. ఎందుకంటే ఆయన అంకెను డబ్బుకు ముడిపెట్టాడు. తర్వాత స్థిరపడిన బ్రిటిష్ గ్యాలన్ల లెక్కలో చెప్పాలంటే, ఒక పీపా, అంటే 36 గ్యాలన్ల నీళ్లు 360 పౌన్ల బరువుంటాయి. అదే పీపా నిండా వోర్ట్ పోస్తే 378 పౌన్లు తూగిందనుకోండి, మాల్ట్ సారం వల్ల పెరిగిన బరువు 18 పౌన్లు. ఇప్పటి భాషలో అది సరిగ్గా 1.050. సాంద్రత అంటే బ్రూవరీ యజమాని పట్టించుకోకపోవచ్చు కానీ, కొన్న బస్తాకు ఎన్ని పౌన్లు వచ్చాయంటే వింటాడు.

విన్నారు కూడా. లండన్‌లో పోర్టర్ అనే నల్లటి బీరును గోధుమరంగు మాల్ట్‌తో చేసేవారు, అది చవకని. శాకరోమీటర్ ముంచి చూస్తే, ఖరీదైన లేతరంగు మాల్ట్ నుంచి వచ్చే సారమే ఎంతో ఎక్కువ. లెక్క వేస్తే అదే చవక. బ్రూవర్లు అటు తిరిగారు, దాంతో పోర్టర్ రంగు వెలిసిపోయింది. కాల్చిన పంచదారతో రంగు తెచ్చారు, 1816లో చట్టం దాన్ని నిషేధించింది. 1817లో డేనియల్ వీలర్ మాల్ట్‌ను నల్లగా వేయించే పీపాకు పేటెంట్ తెచ్చాడు. చెంచాడు కూడా లేని తేడాను చూపించిన గాజు కాడ ఒక పానీయం తయారీనే మార్చేసింది.

ఆ తర్వాత కథ వేగంగా చెప్పుకోవచ్చు. ప్రాగ్‌లో కార్ల్ బాలింగ్ 1843లో చక్కెర శాతాన్ని నేరుగా చదివే స్కేలు తయారు చేశాడు. 1880లో బ్రిటన్‌లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం పన్నును మాల్ట్ మీంచి తీసి వోర్ట్ సాంద్రత మీద వేసింది, ఇంట్లో తయారు చేసుకునేవాళ్లకు కూడా లైసెన్సు పెట్టింది. ఆ లైసెన్సును 1963లో ఎత్తేశారు. మన దగ్గర ఆబ్కారీ వాళ్లు సారా ఘాటు కొలవడానికి సైక్స్ హైడ్రోమీటర్ వాడేవారు. పాలకేంద్రంలో లాక్టోమీటర్, ఇన్వర్టర్ బ్యాటరీ యాసిడ్‌ను పీల్చి చూసే మెకానిక్ చేతిలోని రబ్బరు బుడ్డి గొట్టం, అన్నీ ఈ కుటుంబమే. ఇప్పుడు బకెట్‌లోనే వాలుగా తేలుతూ, వాలు మారినకొద్దీ ఫోన్‌కు అంకె పంపే ఎలక్ట్రానిక్ తేలుళ్లు కూడా వచ్చాయి. వాటిలో ఉన్నదీ ఆర్కిమెడిసే.

అయితే ఇది చెప్పేది ఒకే అంకె, దాని వెనక కారణాలు మాత్రం ఒకటికన్నా ఎక్కువ ఉండొచ్చు. పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటర్ రీడింగ్ తగ్గుతుంది. మీగడ తీసేస్తే పెరుగుతుంది. రెండూ చేసినవాడు దాన్ని మోసం చేయగలడు. పాలకేంద్రాల్లో వెన్న శాతం విడిగా చూడటం అందుకే. బీరులోనూ అంతే. ఈస్ట్ చక్కెరను తినేసి, బరువులో కాస్త అటూ ఇటూగా సగం ఆల్కహాలుగా, సగం కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. వాయువు ఎగిరిపోతుంది. ఆల్కహాలు నీటికన్నా తేలిక. చక్కెర తగ్గడం, ఆల్కహాలు చేరడం రెండూ అంకెను కిందికే లాగుతాయి కాబట్టి, చివర్లో 1.010 చూపిస్తే మిగిలిన చక్కెర అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇంట్లో చేసుకునేవాళ్లు మొదటి అంకెలోంచి చివరి అంకెను తీసేసి 131తో హెచ్చిస్తారు. 1.050లోంచి 1.010 పోతే 0.040, ఆల్కహాలు ఐదు శాతం పైచిలుకు. అంచనాకు ఇది చాలు.

వేడి కూడా అంకెను మారుస్తుంది. ఇళ్లలో వాడే హైడ్రోమీటర్లను సాధారణంగా 20 డిగ్రీలకు, లేదా దానికి కాస్త తక్కువకు సరిచేసి గీతలు గీస్తారు. టెక్సస్ ఎండలో గరాజ్ 35 డిగ్రీలకు వేడెక్కితే నీరే వ్యాకోచించి, రీడింగ్ దాదాపు 0.004 తక్కువ చూపిస్తుంది. బుడ్డికి అంటుకున్న వాయు బుడగలు దాన్ని పైకి లేపుతాయి. అందుకే తమ్ముడు వదిలేముందు కాడను వేళ్ల మధ్య ఒకసారి గిర్రున తిప్పుతాడు. చదివేది గాజును పాకిన అంచు దగ్గర కాదు, ద్రవ మట్టం దగ్గర.

పిల్లలు తిరిగే ఇంట్లో ఈ పరికరానికి ఇంకో పని ఉంది, అది అన్నిటికన్నా ముఖ్యం. పులియడం పూర్తి కాకుండా సీసాల్లో పోసి బిరడా బిగిస్తే, మిగిలిన చక్కెర లోపల వాయువుగా మారుతూనే ఉంటుంది. ఒత్తిడి పెరిగి సీసాలు పగిలిపోతాయి, గాజు ముక్కలు చిమ్ముతాయి. బుడగలు ఆగాయా అని కళ్లతో చూస్తే సరిపోదు. చలికి కూడా బుడగలు ఆగుతాయి. రోజుల తేడాతో రెండుసార్లు కొలిచి, అంకె కదలకపోతేనే సీసాల్లో పోస్తారు. తమ్ముడు వోర్ట్ చల్లార్చే ఖరీదైన రాగి చుట్ట కొననా, ఇంకో కుళాయి బిగించనా అని ఊగిసలాడుతుంటే నేనన్నది ఒక్కటే: “ఇంకో హైడ్రోమీటర్ కొనిపెట్టుకోరా, గాజుది కదా, ఏదో రోజు పగులుతుంది.”

బీరుతో పనిలేని తల్లిదండ్రులకూ టీచర్లకూ ఒక విన్నపం. తెలుగు రాష్ట్రాల తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో ఖాళీ పెన్ను రీఫిల్‌తో లాక్టోమీటర్ తయారు చేసే పని ఒకటి ఇచ్చారు. చదివి వదిలేయకుండా పిల్లల చేత చేయించండి. రీఫిల్ కొసనున్న లోహం సీసపు గుళ్ల పని చేస్తుంది. మంచినీళ్లలో మునిగిన చోట ఒక గీత గీయండి. 130 గ్రాముల పంచదారకు నీళ్లు చేర్చి సరిగ్గా ఒక లీటరు చేస్తే దాని సాపేక్ష సాంద్రత 1.050, అక్కడ రెండో గీత. ఆ రెండింటి మధ్య మిగతా గీతలు ఎక్కడ రావాలో పిల్లలనే లెక్క కట్టి గీయనివ్వండి.