వెబ్‌సైట్‌కు గిరాకీ: పాట పెంచినంత మాత్రాన పై స్థానం దక్కదు

వర్తకునికి వెబ్‌సైట్ పెట్టుకోవడం నేడు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పెట్టిన వెబ్‌సైట్ కొనుగోలుదారు కంట పడేటట్లు చేయడంలోనే ఖర్చంతా ఉన్నది. బజారులో దుకాణం తెరిస్తే దారిన పోయేవారైనా బోర్డు చూస్తారు. ఇంటర్నెట్‌లో దారిన పోయేవారు ఉండరు. సరుకు కావలసినవాడు గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్‌లో సరుకు పేరు టైపు చేసి, మొదట కనిపించిన నాలుగైదు పేర్లు చూసి వాకబు చేస్తాడు. అందుచేత ఆ నాలుగైదు స్థానాలకే పోటీ. గుంటూరు మిర్చి ఎగుమతిదారుకైనా, నిజామాబాద్ పసుపు వర్తకునికైనా, అనకాపల్లి బెల్లం వ్యాపారికైనా ఇదే పరిస్థితి.

ఈ స్థానాలు రెండు రకాలు. ఒకటి, సొమ్ము చెల్లించి పొందే ప్రకటన స్థానం. దాని దగ్గర ‘స్పాన్సర్డ్’ అని గుర్తు ఉంటుంది. రెండవది, సొమ్ముతో నిమిత్తం లేకుండా సెర్చ్ ఇంజన్ తనంతట తాను ఇచ్చే స్థానం. మొదటిది అద్దె కొట్టు వంటిది. అద్దె ఆగిన నాడే ఖాళీ చేయాలి. రెండవది సంపాదించుకున్న పేరు వంటిది. ఈ రెండింటి లెక్కలూ వేర్వేరు. తేడా గమనించని వర్తకుడు రెండు చోట్లా డబ్బు పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది.

పాట నడిచే తీరు

ప్రకటన స్థానాలను వేలం వేసే పద్ధతిని 1998లో అమెరికాలో బిల్ గ్రాస్ స్థాపించిన గోటూ అనే సంస్థ ప్రవేశపెట్టింది. ఒక్కో మాటకు ఒక్కో పాట. ఎక్కువ పాడినవారి పేరు పైన. ప్రకటనను ఎందరు చూసినా సొమ్ము లేదు. క్లిక్ చేసినప్పుడే చెల్లింపు. అయితే పాడినంతా చెల్లించవలసి వచ్చేది. పైగా పోటీదారు పాట ఎంతో అందరికీ కనిపించేది. దాని ఫలితాన్ని యార్డులో అనుభవమున్న వారెవరైనా ఊహించగలరు. ఒకరు ఒక సెంటు పెంచితే రెండవవారు మరో సెంటు పెంచడం, గిట్టుబాటు కాని స్థాయికి చేరగానే ఒకరు హఠాత్తుగా దిగిపోవడం, పైన ఉన్నవారు కూడా వెంటనే దిగి రావడం, మళ్లీ సెంటు సెంటుగా ఎగబాకడం. ధరలకు నిలకడ లేకపోయింది. ఆ సంస్థ 2001లో ఓవర్చర్‌గా పేరు మార్చుకొని, 2003లో యాహూ చేతికి పోయింది.

గూగుల్ 2002లో క్లిక్‌కు ఇంతని పాడే వేలాన్ని చేపడుతూ రెండు మార్పులు చేసింది. పాటను ఒక్కదానినే చూడక, ప్రకటన చూసినవారిలో ఎందరు క్లిక్ చేస్తున్నారన్న అంకెతో దానిని గుణించి స్థానం నిర్ణయించడం మొదటిది. గెలిచినవాడు తాను పాడినంతా కాక, తన కింది వానిని మించడానికి ఎంత అవసరమో అంత మాత్రమే చెల్లించడం రెండవది.

ఉదాహరణకు మొదటి వర్తకుడు క్లిక్ ఒక్కింటికి 20 రూపాయలు పాడాడనుకుందాము. అతని ప్రకటనను 100 మంది చూస్తే 1 క్లిక్ వస్తున్నది. రెండవ వర్తకుడు 12 రూపాయలే పాడాడు. కానీ 100 మందిలో 2 క్లిక్‌లు వస్తున్నాయి. మొదటివాని లెక్క 20, రెండవవాని లెక్క 24. పై స్థానం రెండవవానికే. అతడు చెల్లించవలసినది 20ని 2తో భాగించగా వచ్చే 10 రూపాయలు, ఆపైన కొద్ది పైసలు. ఎక్కువ పాడినవాడు కింద, తక్కువ పాడినవాడు పైన! ఇందులో వేలం వేసేవారి దయాధర్మం ఏమీ లేదు. మొదటివాని ప్రకటన 100 మందికి చూపితే 20 రూపాయలకు మించి రావు. రెండవవాని ప్రకటనకు 24 రూపాయల వరకు అవకాశమున్నది.

2005 నుంచి వెతికిన మాటకు, ప్రకటనకు ఉన్న పొందికను, క్లిక్ చేసినవాడు చేరిన పేజీలో అతనికి కావలసినది ఉన్నదా లేదా అన్న విషయాన్ని కూడా కలుపుతూ వచ్చారు. నేటి లెక్క ఇంతకంటే చిక్కైనదే. అయినా మూలసూత్రం మారలేదు. పేజీ నాసిగా ఉంటే అదే స్థానానికి ఎక్కువ ధర చెల్లించవలసి వస్తున్నది. ఈ వ్యాపారం ఎంతటిదో తెలియడానికి ఒక్క అంకె చాలు: 2024లో గూగుల్‌కు ప్రకటనల ద్వారా వచ్చిన రాబడి సుమారు 26,400 కోట్ల డాలర్లు.

క్లిక్ ధర, బేరం ధర

క్లిక్ 10 రూపాయలకు దొరికిందని సంతోషించే ముందు చిట్టా చూసుకోవాలి. 1,000 క్లిక్‌లకు 10,000 రూపాయలు ఖర్చయిందనుకుందాము. వాటివల్ల 20 వాకబులు వచ్చి, అందులో 2 బేరాలు కుదిరితే, బేరం ఒక్కింటికి ప్రకటన ఖర్చు 5,000 రూపాయలు. లారీ లోడు బేరానికి ఇది భారం కాకపోవచ్చు. రెండు టిక్కీల బేరానికి నష్టమే. కనుక ప్రతి వాకబు ఏ ప్రకటన నుంచి వచ్చినదీ రాసి ఉంచుకోవడం అవసరం. ఈ ఆవర్జా లేని వర్తకుడు చీకటిలో పాట పాడుతున్నట్లే. బిల్లు మీద 18 శాతం జి.ఎస్.టి. సంగతీ మరువరాదు.

వృథా క్లిక్‌లను తగ్గించే మార్గాలూ ఉన్నాయి. ‘ఎండు మిర్చి’ అన్న మాటకు పాట పాడితే, పచ్చడి పెట్టే విధానం వెతికేవారికీ ఆ ప్రకటన కనిపించవచ్చు. వారు క్లిక్ చేసినా సొమ్ము చెల్లించవలసిందే. ‘పచ్చడి’, ‘తయారీ’, ‘పావు కిలో’ వంటి మాటలున్నచోట ప్రకటన వేయవద్దని ముందే జాబితా ఇచ్చే సదుపాయం ఉన్నది. ఏ దేశంలో, ఏ రాష్ట్రంలో కనిపించాలో కూడా నిర్ణయించుకోవచ్చు. మలేషియాకు సరుకు పంపే ఎగుమతిదారు లోకమంతటా ప్రకటన వేయనక్కరలేదు.

కొన్న సాక్ష్యం నిలవదు

ఇక సొమ్ముతో నిమిత్తం లేని స్థానం సంగతి. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు వెల్లడించిన పద్ధతి ప్రకారం, ఒక వెబ్‌సైట్ మరొకదానికి లింకు ఇస్తే అది సాక్ష్యం చెప్పినట్లు లెక్క. పేరున్నవారి సాక్ష్యానికి విలువ ఎక్కువ. బజారులో పరపతి ఏర్పడే తీరూ ఇదే. సాక్ష్యానికి విలువ ఏర్పడగానే దానిని అమ్మేవారు, కొనేవారు బయలుదేరారు.

దీని పర్యవసానం 2011 ఫిబ్రవరిలో అమెరికాలో బయటపడింది. జె.సి.పెన్నీ అక్కడి పెద్ద దుకాణాల సంస్థ. దుస్తులు, దుప్పట్లు, తివాచీలు ఏది వెతికినా నెలల తరబడి దాని పేరే మొదట కనిపించింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆరా తీయగా, కాసినో జూదం, న్యూక్లియర్ ఇంజనీరింగ్ వంటి సంబంధంలేని వెబ్‌సైట్లలో ఆ సంస్థకు దారిచూపే లింకులు వేల సంఖ్యలో బయటపడ్డాయి. ఇది తమ అనుమతి లేకుండా జరిగిందని సంస్థ ప్రకటించి, తాను నియమించుకున్న సలహాదారులను తొలగించింది. అయినా గూగుల్ చర్య తప్పలేదు. ఒక రకం ప్రయాణపు పెట్టెల మాటకు సాయంత్రం 7 గంటలకు మొదటి స్థానంలో ఉన్న ఆ సంస్థ, 9 గంటలకు 71వ స్థానానికి దిగజారింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ సంస్థ దగ్గర సరుకు ఉన్నది, దుకాణాలు ఉన్నాయి, పేరూ ఉన్నది. చెడినది సాక్ష్యం మాత్రమే. కుప్ప పైన మేలు కాయలు పేర్చిన సంగతి తెలిసిన తరువాత అడుగున ఉన్న మంచి సరుకుకూ ధర పడిపోతుంది. 2012 ఏప్రిల్ నుంచి ఇటువంటి లింకులను పసిగట్టే ఏర్పాటును గూగుల్ యంత్రానికే అప్పగించింది.

‘నెలలో మొదటి స్థానం, గ్యారంటీ’ అంటూ వచ్చే దళారుల విషయంలో వర్తకులు జాగ్రత్త వహించాలి. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా ప్రకటించింది. మంచి పని చేసినా ఫలితం కనిపించడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా చెప్పింది. పొగడ్తలను కొనడమూ ఇటువంటిదే. ఆన్‌లైన్‌లో కొనుగోలుదారుల అభిప్రాయాలను సేకరించి ప్రచురించే విషయమై భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ప్రత్యేక ప్రమాణాన్ని వెలువరించింది.

పేజీలో ఉండవలసినవి

‘ప్రపంచంలోకెల్లా మేలైన సరుకు’ అన్న వాక్యం వల్ల ఒక్క టిక్కీ కూడా కదలదు. కొనేవాడు తేజ కావాలనో, 334 కావాలనో వెతుకుతాడు. రకం, రంగు విలువ, ఘాటు, తేమ శాతం, తొడిమ ఉన్నదా లేదా, బస్తా బరువు, ఏ రేవు నుంచి ఎగుమతి అన్న వివరాలు పేజీలో ఉండాలి. పసుపు అయితే కర్కుమిన్ శాతం, కొమ్ము, గోళం వేరువేరుగా చెప్పాలి. స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉంటే చూపాలి. సరుకు ఫోటో సొంత గోదాములో తీసినదై ఉండాలి. మచ్చు చూపకుండా బేరం కుదరదని తెలిసిన వర్తకునికి ఇది కొత్త పాఠం కాదు. పేజీయే మచ్చు.

తాళం సొంతదారు దగ్గరే

వెబ్‌సైట్ చిరునామాను తయారుచేసి పెట్టినవారి పేరిట కాక సంస్థ పేరిటే రిజిస్టరు చేయించాలి. ప్రకటనల ఖాతా కూడా సంస్థ పేరిటే ఉండాలి. రేపు దళారీతో తగవు వస్తే, ఖాతా అతని పేరిట ఉన్నట్లయితే ఏళ్ల తరబడి పోగైన లెక్కలన్నీ అతనితోనే పోతాయి.

యార్డు నడిపేవారి మీద కూడా కన్ను వేసి ఉంచవలసినదే. సెర్చ్ ఫలితాలలో పక్షపాతం చూపినందుకు కాంపిటీషన్ కమిషన్ 2018లో గూగుల్‌కు 135 కోట్ల 86 లక్షల రూపాయల జరిమానా విధించింది. 2024 ఆగస్టులో అమెరికా న్యాయస్థానం ఒకటి సెర్చ్‌లో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకున్నదని ఆ సంస్థను తప్పుపట్టింది. ఆ నెలలోనే మన దేశంలో కృత్రిమ మేధ తయారుచేసే జవాబులను గూగుల్ ఫలితాల పైన చూపడం ప్రారంభించింది. జవాబు అక్కడే దొరికితే కిందికి దిగి క్లిక్ చేసేవారు తగ్గడం సహజం.

ఈ పరిస్థితులలో ప్రచార బడ్జెట్ అంతా ఒకే వేలంలో పెట్టడం క్షేమం కాదు. వచ్చిన ప్రతి కొనుగోలుదారు పేరు, ఫోను నంబరు, కొన్న రకం సొంత ఖాతాలో జమ చేసుకొని, తదుపరి సీజన్‌లో నేరుగా కబురు చేసే వర్తకునికి అదే మనిషి కోసం రెండవసారి క్లిక్ కొనవలసిన పని ఉండదు. ముందు పేజీ సరిచేసుకొని, చిన్న మొత్తంతో పాట ప్రారంభించి, బేరానికి పడుతున్న ఖర్చు చూసుకొని పెంచడం మేలు.